పూలలంకలో అయిదు గొడుగులు

శ్యామలానది మీద మంచుతెరలు ఒక్కొక్కటే విడిపోతున్న వేళ పంచఛత్రపురం మెల్లమెల్లగా కంటికి ఆనింది. పగడపు రంగు బురుజులు, బురుజుల మీద కువకువలాడే పావురాలు, ఏడంతస్తుల సౌధాల గవాక్షాలలో తళుక్కుమంటున్న అభ్రకపు పలకలు, రేవుల్లో బారులు తీరిన హంసముఖాల నావలు, ఆ నావల కొమ్ములకు కట్టిన వెండిగంటల సవ్వడి, ఇంద్రుడు చూసినా ఒక్క క్షణం ఆగిపోవలసిందే. కాని తూర్పుద్వారం ముందు నిలబడిన విసనకర్రల వర్తకుడికి ఆ వైభవమేదీ పట్టలేదు. అతని చూపంతా ద్వారానికి వేలాడుతున్న ఎర్రమందారాల దండ మీదే ఉంది. ఆ ద్వారానికే కాదు, లోపల ప్రతి గడపకూ అలాంటి దండే ఉంది.

వర్తకుడి గుండె గుభేలుమంది. ఎందుకంటే అతడు వర్తకుడే కాడు. ఆ గడ్డం తుమ్మజిగురుతో అంటించినది, ఆ తలపాగా అరువు తెచ్చుకున్నది. పడవలపేటలో పుట్టి, తెడ్డు పట్టుకునే నడక నేర్చిన తరంగుడు ఆ వేషంలో ఉన్నాడు. ఇరవై రోజుల క్రితం యువరాణి కువలయిని అతణ్ణి రహస్యంగా పిలిపించి కాకశృంగానికి పంపింది. అతడు ఆ కొండ ఎక్కాడు. రాతికళ్ళ మహాసర్పం తోక మీదుగానే జారుకుంటూ దిగాడు. విభ్రమహారిణి అనే మూలిక ఆకులు మూడంటే మూడు తెచ్చాడు. మంత్రానికి లోబడినవాడు ఆ ఆకు వాసన చూస్తే మూడుసార్లు తుమ్ముతాడు, తుమ్మగానే మంత్రం వదిలిపోతుంది.

ఇంతకూ మంత్రం వేసినదెవరు? అమృతాచార్యులు. రాజుగారు కాలం చేసిన పన్నెండో నాడు ఊళ్ళోకి వచ్చిన దైవజ్ఞుడు. తేనె లాంటి మాట, పాల లాంటి నవ్వు. అసలు పేరు ధూమ్రజిహ్వుడనీ, మూడు రాజ్యాలను మింగిన మాంత్రికుడనీ కువలయినికీ తరంగుడికీ తప్ప మరొకరికి తెలియదు. వాడికి ఈ రాజ్యం కావాలి. బలంతో లాక్కోవడం వాడికి చిటికెలో పని. కాని నది నడుమ పూలలంకలో ఉన్న శిలాసింహాసనం మహా తిక్కది. జనం ఇష్టపడి కూర్చోబెడితే సరేసరి, బలవంతాన ఎక్కినవాణ్ణి మాత్రం అక్కడికక్కడే బూడిద చేస్తుంది. అందుకని వాడు జనం చేతే అవుననిపించదలిచాడు. రాజపుత్రిక జాతకం మంచిది కాదనీ, ఆమె జ్వాలాబిలంలో పన్నెండేళ్ళు తపస్సు చేసివస్తే గాని రాజ్యానికి క్షేమం లేదనీ, అంతవరకు సింహాసనం తాను చూసుకుంటాననీ చెప్పాడు. తపస్సేనని జనం నమ్మారు. ఆ బిలంలోకి వెళ్ళినవారి ఎముక కూడా తిరిగి రాలేదని తరంగుడికి తెలుసు.

ఈ సంగతి ఆనాడే, సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి, పూలకొలువులో తేలిపోతుంది. పూలకొలువంటే ఆ రాజ్యపు పాత ఆచారం. పడవలపేట, నేతపేట, కుండలపేట, కమ్మరిపేట, పూలపేట అని ఊళ్ళో అయిదు పేటలు. ఒక్కొక్క పేట నుంచి ఇంటికొకరు చొప్పున నూరుగురు తమ పేట నావలో లంకకు వెళతారు. నావలో తెచ్చిన గొడుగును ఇసుకలో పాతి దాని కింద కూర్చుంటారు. అందరిలో పెద్దవయసువారు తొలిమాట చెబుతారు. అవునంటే ఎర్రపువ్వు, కాదంటే తెల్లపువ్వు బుట్టలో వేస్తారు. తరవాత మిగిలినవారు. మూడు గొడుగులు ఎటంటే రాజ్యం అటు. ఎవరి పువ్వు వారిష్టమని శాసనం. అయినా తొలిమాట ఎర్రదైతే ఆ బుట్టలో తెల్లరేకు పడినట్టు తాతల కాలం నుంచీ ఎవరూ చూడలేదు.

"ఊరంతటికీ మంత్రం వేశాడు. నా దగ్గర ఉన్నవి మూడాకులు," అనుకున్నాడు తరంగుడు. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. అయినా నిలబడి ఏడవడానికి వ్యవధి లేదు. రెండు ఆకులను రెండు విసనకర్రల అల్లికలో దూర్చి తిన్నగా పడవలపేటకు నడిచాడు.

దారిలో ఊరేగింపు ఎదురైంది. డప్పులు, బూరలు, కాగడాల్లాంటి మందారపు గుత్తులు. "అమృతాచార్యులవారికీ" అని ఒకడు అరిస్తే "జై" అని వీధి వీధంతా అంటోంది. తరంగుడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మొదటి జైకి పళ్ళు బిగించాడు. రెండో జైకి పక్కనున్న కమ్మరివాడు అతని మొహంకేసి వింతగా చూశాడు. మూడో జై తన నోటి నుంచే వచ్చింది. తరంగుడు ఉలిక్కిపడి, తన నోటిని తానే నమ్మలేక, రెండో విసనకర్రలోని ఆకు తీసి గబుక్కున వాసన చూశాడు. తుమ్ము రాలేదు. అతనికి మంత్రం లేదు, ఏమీ లేదు. ఊరికే అనేశాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

పడవలపేటలో మొదటి ఇల్లే మేనత్త నీలాంబది. తల్లి పోయాక అతణ్ణి పెంచినది ఆవిడే. గుమ్మంలో కూర్చుని వలకు ముడులు వేస్తోంది.

"విసనకర్ర చూడమ్మా. వట్టివేళ్ళతో అల్లింది. వాసన చూడు, తెలుస్తుంది."

నీలాంబ వాసన చూసింది. "బాగానే ఉందయ్యా. కాని మా పేటవాళ్ళం తాటాకు విసనకర్రలే వాడతాం."

తరంగుడు తుమ్ము కోసం కాచుకున్నాడు. ఆవిడ ముక్కు నిమ్మళంగా ఉంది.

"ఇంకొక్కసారి చూడమ్మా."

"చూశాను కదా. నాకున్నది ఒకటే ముక్కు."

ఇక లాభం లేదని అతడు గడ్డం సగం ఊడదీశాడు. నీలాంబ నోరు తెరిచింది, అతణ్ణి లోపలికి లాగింది, వాటేసుకుంది, వీపు మీద ఒక్కటి చరిచింది. "చచ్చావో బతికావో తెలియక ఇరవై రోజులు అన్నం సయించలేదురా నాకు."

"అత్తా, ఆ మందారాల దండ ఎవరు కట్టారు?"

"ఎవరు కడతారు, నేనే."

"నీకు ఇష్టమయ్యే కట్టావా?"

"ఇష్టమేమిటిరా? మన పేట పెద్ద పోతురాయుడుగారు ముందుగానే తొలిమాట అనేశారు. పేటంతా కట్టింది. నా గడప ఒక్కటే బోసిగా ఉంటే చూసేవాళ్ళేమనుకుంటారు?"

"చిన్నప్పుడు యువరాణి రేవుకొచ్చి నీ చేతి చేపల పులుసు తిని వెళ్ళేది కదత్తా."

నీలాంబ కళ్ళు వల మీదకు వాల్చుకుంది. "తినేది. అందుకే దండ కట్టేటప్పుడు నాకూ మనసొప్పలేదు. కాని నేతపేటవాళ్ళంతా ఆచార్యులవారి వైపేనట. మనం ఒక్కళ్ళం అడ్డం తిరిగితే రేపు మన నావ ఎవరెక్కుతారు? అదీగాక ఆయన వచ్చాకే వానలు పడ్డాయి. అది అబద్ధం కాదు కదా."

తరంగుడికి మతి పోయింది. తనను పెంచిన అత్త, మంత్రమూ తంత్రమూ ఏమీ లేకుండానే, కువలయినిని మంటల్లోకి పంపే పువ్వు కోసి సిద్ధంగా పెట్టుకుంది. పాపం, ఆవిడ చెడ్డది కాదు. చెడ్డదైతే అతనికి ఇంత బాధ ఉండేది కాదు. ఆ బిలంలో జరిగేది తపస్సు కాదని అతడు చెప్పబోయాడు. "పేటలో ఇంకెవరి దగ్గరా అనకు, నిన్ను వెలేస్తారు," అని ఆవిడ అతని నోరు మూసింది.

అక్కడి నుంచి ఒక్క పరుగున నేతపేట. మగ్గం ముందు కూర్చున్న నేతగాడు భోగలింగానికి అదే ఆకున్న విసనకర్ర చూపించాడు. తుమ్మలేదు. కబుర్లలో పెట్టి కదిపితే అతడు గొంతు తగ్గించి, "పడవలపేటవాళ్ళంతా ఆయన వైపేనటయ్యా. వాళ్ళను కాదంటే మా బట్టల మూటలు ఏటి అవతలకు ఎవరు దాటిస్తారు?" అన్నాడు.

నీలాంబకు నేతపేట భయం, భోగలింగానికి పడవలపేట భయం. మధ్యలో పాలు తాగుతున్న పిల్లి అమృతాచార్యులు. తరంగుడు నవ్వాలో ఏడవాలో తెలియక తిరిగి పడవలపేటకు పరుగెత్తాడు. పోతురాయుడుగారి అరుగెక్కి, ఆఖరి ఆకును ఆయన ముక్కుకు సూటిగా ఆనించాడు.

పోతురాయుడు తుమ్మాడు. అరుగు అదిరేలా మూడుసార్లు తుమ్మి, కళ్ళు నులుముకుని, నిద్ర లేచినవాడిలా చుట్టూ చూశాడు.

"నువ్వు మన పెద్దనావ సరంగు కొడుకువి కదూ? నాకేమైందిరా?"

"మీరే చెప్పాలి పెద్దాయనా."

"ఆచార్యులు పిలిచి తాంబూలమిచ్చాడు. నాతోబాటు తక్కిన నాలుగు పేటల తొలిమాటవాళ్ళూ ఉన్నారు. అయిదే తాంబూలాలు. నోట్లో వేసుకున్నాను, ఆ తరవాత ఏమన్నానో నాకే తెలియదు."

అయిదే. అయిదువందల మంది పువ్వులకు వాడు ఖర్చు పెట్టినవి అయిదు తాంబూలాలు. మిగిలిన పని జనమే వాడికి చేసిపెట్టారు. తరంగుడు పోతురాయుడి కాళ్ళు పట్టుకున్నాడు. "అయితే ఇప్పుడే పేటను పిలిచి చెప్పండి. పొరబాటయింది, తెల్లపువ్వు వేద్దామని."

పోతురాయుడు మీసం నిమురుకున్నాడు. "నలభై ఏళ్ళుగా నా మాట మీద పేట నడుస్తోంది. తాంబూలం తిని తిక్కగా మాట్లాడానని నా నోటితో చెబితే రేపటినుంచి నన్ను చూసి నవ్వుతార్రా. మాట ఇచ్చేశాను. ఇప్పుడు మందున్నా లేకపోయినా ఒకటే." ఆ మాట అంటుంటే ఆయన కళ్ళు తడిశాయి. అయినా మాట తిప్పుకోలేకపోయాడు.

మంత్రానికి మందుంది గాని ఈ జబ్బుకు కాకశృంగంలో ఆకు మొలవదు. తరంగుడు అరుగు దిగి రేవుకేసి చూశాడు. అయిదు రేవుల్లో అయిదు పెద్దనావలు, ఒక్కొక్క నావలో దాని గొడుగు. ఎగువన కమ్మరిపేట నావ, దిగువన పడవలపేట నావ. చూస్తూ చూస్తూ ఉండగా అతనికి శాసనంలోని మాట ఒకటి గుర్తుకొచ్చింది. చిన్నతనంలో తెడ్డు వేస్తూ వందసార్లు విన్నదే. ఏ నావలో వచ్చినవారు ఆ గొడుగు కింద కూర్చోవాలి. నావ అనే ఉంది. పేట అని లేదు. ఒక పేటవాడు మరో పేట నావ ఎక్కుతాడని శాసనం రాసినవాడికి కూడా తోచలేదు మరి.

తరంగుడు తలపాగా బిగించి, నడుముకు చురకత్తి దోపి, కమ్మరిపేట రేవుకు ఎగువన నీళ్ళలోకి దూకాడు.

నీటి అడుగునే ఈదుతూ మొదటి మోకు కోశాడు. నావ ఒళ్ళు విరుచుకుని కదిలింది. రెండోది కోశాడు. మూడో రేవు దగ్గర అతని కాలికి దుంగ తగిలింది. దుంగ నోరు తెరిచింది. పదిమూరల మొసలి. తరంగుడు భుజానికున్న విసనకర్రల కట్టను దాని నోట్లో నిలువునా దోపాడు. మొసలి వట్టివేళ్ళను నములుతూ ఉండగా మూడో మోకు తెగిపోయింది. నాలుగో రేవులో కావలిభటుడు కేక వేశాడు. బాణం ఒకటి రివ్వున వచ్చి తలపాగాను ఎగరేసుకుపోయింది, ఇంకొకటి చెవి పక్కనుంచి దూసుకుపోయింది. తుమ్మజిగురు నీళ్ళకు నాని గడ్డం వదిలిపోయింది. అయిదో మోకు కోసేటప్పటికి అతని ఊపిరి అయిపోయింది. ప్రవాహం అతణ్ణీ, అయిదు నావలనూ కలిపి తోసుకుపోయి, దిగువన ఏనుగుమలుపు అనే వంపు దగ్గర ఇసుకతిన్నెకు అతికించింది.

అప్పుడే లంక మీద మొదటి భేరి మోగింది. మూడో భేరి లోపల లంకకు చేరనివారికి పువ్వు లేదు.

ఊళ్ళో గగ్గోలు పుట్టింది. అయిదువందల మంది పంచెలు ఎగగట్టి, చీరలు దోపి, ఒడ్డు వెంట పరుగో పరుగు. ఏనుగుమలుపు చేరాక అక్కడొక విచిత్రం జరిగింది. నావలు ఒకదానికొకటి ఒరుసుకుని ఉన్నాయి. ఎవరి నావ దూరంగా ఉంటే వాళ్ళు అక్కడికి వెళ్ళడానికి పక్కవాళ్ళ నావ ఎక్కాలి, ఎక్కనంటున్నారు. కుండలపేటవాళ్ళు తమ నావ ముందు నిలబడి ఎవరినీ రానివ్వడం లేదు. రెండో భేరి మోగింది.

తరంగుడు మొలలోతు నీళ్ళలో నిలబడి గొంతు చించుకున్నాడు. "ఏ నావైనా లంకకే పోతుంది. ఎక్కండి. ఆలస్యమైతే ఎవరికీ పువ్వు ఉండదు."

ఆ మాటతో కట్ట తెగింది. ముందున్నవారు ముందున్న నావలోకి దూకారు. ఒక కమ్మరివాడు ఇద్దరు ముసలమ్మలను చెరో చంకలో పెట్టుకుని దొరికిన నావలో దింపాడు. నిండిన నావను నిండినట్టే తరంగుడు తోసేశాడు. చివరిది కుండలపేట నావ. దాని చుక్కాని తానే పట్టాడు. మూడో భేరి మీద కర్ర పడేసరికి నావ ముక్కు లంక ఇసుకను తాకింది.

పూలలంక పేరుకు తగ్గదే. సంపెంగ పొదలు, పొగడ చెట్లు, నడుమ ఆకాశాన్ని అంటే నల్లరాతి సింహాసనం. దాని పాదపీఠం దగ్గర తెల్లచీరతో, ఒంటి మీద ఒక్క నగైనా లేకుండా కువలయిని నిలబడి ఉంది. తరంగుణ్ణి చూసి ఆమెకు ప్రాణం లేచివచ్చింది, మొహాన మాత్రం కనపడనివ్వలేదు. ఆమె పక్కన అమృతాచార్యులు పాలనవ్వు నవ్వుతూ నావలు దిగుతున్నవారిని చూశాడు. చూడగా చూడగా ఆ నవ్వు విరిగింది.

"ఇదేమిటి? పేటలు కలగాపులగమయ్యాయి. అందరినీ వెనక్కి పంపండి. ఎవరి గొడుగు కిందికి వారిని చేర్చండి."

ధర్మాధికారి వేదగర్భుడు తాటాకు కట్ట విప్పి, మెల్లగా చదువుకుని, మళ్ళీ కట్టాడు. "నావ అని ఉంది ఆచార్యా. పేట అని లేదు. మూడో భేరి అయిపోయింది కనుక ఇక కదలడానికీ లేదు."

కుండలపేట గొడుగు కింద తరంగుడి నావవారు కూర్చున్నారు. నీలాంబ ఉంది, భోగలింగం ఉన్నాడు, మోచేతి దాకా మన్ను అంటిన కుమ్మరులున్నారు, కమ్మరులున్నారు. అందరిలో పెద్ద పూలపేట మాణిక్యవ్వ. తొంభై దాటిన మనిషి. తన పేటలో ఆవిడకంటే పెద్దవాడైన బావగారు ఉండడంతో ఏనాడూ తొలిమాట చెప్పి ఎరగదు. బుట్ట ముందుకు తోసేసరికి కంగారు పడింది.

"నేనా? నాకేం తెలుసు నాయనా. మీ పేటలవాళ్ళు ఏమనుకుంటున్నారో ముందు చెప్పండి."

ఎవరి పక్కన వాళ్ళ పేట మనిషి లేడు. ఇటు చూస్తే కొత్తమొహం, అటు చూస్తే కొత్తమొహం. సూర్యుడు నెత్తి మీదకు వచ్చేస్తున్నాడు. కాసేపటికి భోగలింగం గొంతు సవరించుకున్నాడు.

"నాకైతే ఆ పిల్లను పంపడం ఇష్టం లేదు. కాని మీ పడవలపేటవాళ్ళు ఒప్పుకోరు కదా అని ఊరుకున్నాను."

నీలాంబ చివాలున తిరిగింది. "మేమెప్పుడన్నాం? మీ నేతపేటవాళ్ళే పట్టుబట్టారని మేం దండలు కట్టాం."

"మేమా? కుండలపేటలో ముందు కట్టారని విన్నాం."

"మేం కట్టకపోతే కమ్మరులు కొలిమి చల్లారుస్తారని చెప్పుకున్నారు మా వీధిలో," అన్నాడొక కుమ్మరి.

"ఎవరు చెప్పుకున్నారు? మా కొలిముల సంగతి మీకెందుకు?" అన్నాడు కమ్మరి.

అంతే, గొడుగు కింద సంత మొదలైంది. ఎవరు ముందన్నారో వెతుక్కుంటూ పోయారు. అందరూ అన్నవారే గాని ముందన్నవాడు ఒక్కడూ దొరకలేదు. ఒకరు కోప్పడ్డారు, ఒకరు నెత్తి కొట్టుకున్నారు, ఒక కుమ్మరి పగలబడి నవ్వాడు. ఆ సందట్లో తరంగుడు లేచి, కాకశృంగానికి వెళ్ళే దారిలో, జ్వాలాబిలం అంచున తాను కళ్ళారా చూసిన మాడిపోయిన రాళ్ళ సంగతి చెప్పాడు. కొందరు నమ్మారు. కొందరు, "నువ్వు యువరాణి మనిషివి, నువ్వు అలాగే అంటావు," అన్నారు. అదీ నిజమేనని ఒప్పుకుని కూర్చున్నాడు.

పువ్వులు పడడం మొదలైంది. మాణిక్యవ్వ తెల్లది వేసింది, భోగలింగం తెల్లది, తరవాత ఎర్రది, తెల్లది, ఎర్రది, ఎర్రది. నీలాంబ వంతు వచ్చింది. తరంగుడు అత్తకేసి ఆశగా చూశాడు. ఆవిడ అతని కళ్ళలోకి సూటిగా చూసి ఎర్రపువ్వు వేసింది.

"అత్తా."

"వానలు పడ్డాయిరా. రెండేళ్ళ కరువు ఎవరు తీర్చారో నా కళ్ళతో చూశాను. పన్నెండేళ్ళ తపస్సు పెద్ద కష్టమేమీ కాదు. ఇందాక పేట కోసం వేసేదాన్ని. ఇప్పుడు నా కోసం వేశాను. నీకు కోపమొస్తే రానీ."

తరంగుడికి తాను మోకులు కోసింది ఇందుకా అనిపించింది. కాని ఆవిడ పువ్వు ఆవిడ ఇష్టం.

అవతల మిగిలిన గొడుగుల కింద మరో ముచ్చట జరుగుతోంది. తాంబూలం మత్తులోనే ఉన్న తొలిమాటవారు ముగ్గురు పూలపేట గొడుగు కిందే పడ్డారు, అక్కడ బుట్ట ఎర్రగానే నిండింది. నేతపేట గొడుగు కింద నాలుగోవాడున్నాడు, అక్కడా ఎరుపే. కమ్మరిపేట గొడుగు కింద పోతురాయుడు ఒక్కడే పెద్ద. ఆయన చుట్టూ చూశాడు. తన పేట మనిషి ఒక్కడూ లేడు. ఎన్నాళ్ళ బరువో దించుకున్నట్టు నిట్టూర్చి, "ఇక్కడ నన్ను చూసి నవ్వేవాళ్ళు లేరు," అని తెల్లపువ్వు వేశాడు.

వేదగర్భుడు బుట్టలన్నీ చూశాడు. రెండు గొడుగులు ఎరుపు. కమ్మరిపేట గొడుగు, తాంబూలం తిన్నవారెవరూ పడని పడవలపేట గొడుగు తెలుపు. మిగిలింది కుండలపేట గొడుగు. అక్కడ పువ్వులు రెండుసార్లు చూడవలసి వచ్చింది. ఎర్రవి నలభై ఏడు, తెల్లవి యాభై మూడు.

"మూడు గొడుగులు కాదన్నాయి. కువలయినీదేవి ఎక్కడికీ వెళ్ళనవసరం లేదు," అన్నాడు వేదగర్భుడు.

కువలయిని పాదపీఠం మీద కూర్చుండిపోయింది. ఏడుస్తూనే నవ్వింది. అయిదు గొడుగుల కింద ఒక్కసారిగా కలకలం రేగింది. ఓడినవారు సణిగారు, గెలిచినవారు కేరింతలు కొట్టారు, చాలామందికి తమ పక్కవాడు ఏ పువ్వు వేశాడో చూసి ఆశ్చర్యమే తీరలేదు. ఆ రాజ్యంలో రెండు రంగులు కలిసిన బుట్టను వాళ్ళెవరూ అంతకుముందు చూసి ఎరగరు.

పాలనవ్వు అప్పటికి పూర్తిగా చెడిపోయింది. అమృతాచార్యులు నోరు తెరవగానే కాటుక లాంటి పొగ వెలువడింది. ఆ పొగలో జడలు కట్టిన జుట్టు, నిప్పుకణికల కళ్ళు, మూరెడు నల్లనాలుకతో ధూమ్రజిహ్వుడు నిలబడ్డాడు. "రాజ్యం ఇష్టపడి ఇవ్వకపోతే మీకు రాణి లేకుండా చేస్తాను," అని గర్జించి చేతికర్ర విసిరాడు. ఒడ్డున ఉన్న రాజనావ మెలికలు తిరిగి, పొలుసులు మొలిచి, పర్వతమంత మకరమైంది. వాడు కువలయిని నడుము పట్టుకుని దాని వీపు మీదకు ఎగిరాడు. మకరం నదిని రెండుగా చీలుస్తూ ఎగువకు, జ్వాలాబిలం దిక్కుకు, దూసుకుపోయింది.

అయిదువందల మందీ కొయ్యబారిపోయారు. కావలిభటులు కత్తులు దూశారు గాని కదలలేదు. ఎవరు ముందు కదులుతారా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. తరంగుడు ఎవరికోసమూ ఆగలేదు. కుండలపేట నావలోకి దూకి మోకు విప్పాడు. నలభై తెడ్ల నావ, మనిషి ఒక్కడు. వెనక్కి తిరిగి చూడడానికి కూడా భయం వేసింది, ఎవరూ రాకపోతే ఏమైపోవాలి?

నావ కుడివైపుకు ఒరిగింది. ఎవరో ఎక్కారు. తిరిగి చూస్తే నీలాంబ. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని తెడ్డు అందుకుంటోంది. ఆవిడ జడలో ఇంకా ఎర్రమందారం ఉంది.

"నువ్వా అత్తా?"

"వానలు కురిపించాడని వేశాను. ఆడపిల్లను ఎత్తుకుపొమ్మని వేయలేదు." ఆవిడ తెడ్డును నీళ్ళలో దించింది. "నేను వేసింది నేనే దిద్దుకోవాలి. నడుపు."

ఆవిడ వెనక భోగలింగం ఎక్కాడు. అతని వెనక మన్ను చేతుల కుమ్మరులు, కమ్మరులు, తెల్లపువ్వులు వేసినవారు, ఎర్రపువ్వులు వేసినవారు. పోతురాయుడు పరుగెత్తుకొచ్చి, ఎక్కలేక చెయ్యి చాస్తే ఒక నేతగాడు లాగాడు. నావ నిండింది. తరంగుడికి కళ్ళు చెమర్చాయి. చుక్కాని గట్టిగా పట్టుకున్నాడు.

తెడ్లు లేచాయి, పడ్డాయి. మొదట ఒకదానికొకటి తగులుకుని టకటకలాడాయి. సగంమందికి తెడ్డు పట్టుకోవడమే రాదు. నీలాంబ తిడుతూ నేర్పింది. రెండు మలుపులు తిరిగేసరికి నావకు వేగం వచ్చింది. ఎదురుగా జ్వాలాబిలానికి దారితీసే నల్లలోయ నోరు కనిపించింది. మకరం తోక అందులోకి జారిపోతోంది. అది లోపలికి వెళ్ళిన మరుక్షణం లోయకు రెండు పక్కల ఉన్న కొండలు గరగరమంటూ ఒకదానికేసి ఒకటి జరగడం మొదలుపెట్టాయి.

"ఆగుదాం, నలిగిపోతాం," అన్నాడొక కమ్మరి.

"పట్టు వదలకండి, సందుంది," అన్నాడు భోగలింగం.

"నీకు నీళ్ళ సంగతేం తెలుసయ్యా మగ్గం ముందు కూర్చునేవాడికి?" అంది నీలాంబ. కళ్ళు చికిలించి సందును కొలిచి, "కాని నిజమే, సందుంది. ఎడమకు తిప్పరా," అంది.

తరంగుడు ఎడమకు తిప్పాడు. కొండల నీడ నావ మీద పడింది. రెండు పక్కల తెడ్లు రాళ్ళకు తగిలి తునాతునకలైపోతుంటే నూరుమందీ తలలు వంచారు, నావ ముక్కు ఆ సందులోకి దూరింది.